పై దారం, కింది దారం

రాయదుర్గం

పాపా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. వరలక్ష్మీ వ్రతం లోపల 40 జాకెట్లు ఇవ్వాలన్నావు. మెడ ఎడమ పక్కకు తిరగడం లేదన్నావు. రెక్కల సందున ఎవరో మేకు దిగ్గొట్టినట్టుందన్నావు. నేనేదో చెప్పబోతే "అత్తా, గేటు దగ్గర ఎవరో వచ్చినారు" అని పెట్టేశావు. ఫోన్లో నువ్వు వినవు, అందుకే రాస్తున్నా. మిషన్ ఆపి, కుర్చీలో వెనక్కి ఆనుకుని చదువు.

నీకు మిషన్ నేర్పిన కొత్తలో గుడ్డ అడుగున దారం ఉండలు ఉండలుగా పడింది, గుర్తుందా? నువ్వు కింది దారం ఉండే బాబిన్ కేసు ఊడదీసి దాని స్క్రూ తిప్పుతూ గంటసేపు కూర్చున్నావు. నేను వచ్చి పైన, పై దారం బిగువు చూసే టెన్షన్ చక్రం కొంచెం బిగిస్తే కుట్టు సరిపోయింది. తప్పు కనిపించింది కింద, ఉన్నది పైన. ఒంటి నొప్పులు కూడా చాలావరకు ఇంతే. నువ్వు రోజూ మెడ వెనక బామ్ రుద్దుతున్నావు చూడు, అది బాబిన్ స్క్రూ తిప్పడమే.

నేనూ రుద్దినదాన్నే. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో జీన్సు ప్యాంట్లు పీసు లెక్కన కుట్టాను. పీసు లెక్కన కుట్టేవాళ్ళకు మెడ ఎత్తితే డబ్బు పోయినట్టే. నలభై ఐదు దాటేసరికి ఎవరైనా పక్కనుంచి పిలిస్తే తల తిరిగేది కాదు, మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. అప్పుడు ఎవరో చెప్పారని నరాలు సరిచేసే ఒకాయన దగ్గరికి పోయాను. గడ్డం, తల పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. టక్కుమంది. ఆ క్షణం హాయిగానే అనిపించింది గానీ, తర్వాత రెండు వారాలు దిండు మీద తల ఆనించలేకపోయాను. ఆ డబ్బుకు నాటుకోడి వచ్చేదని మీ మామ ఇప్పటికీ దెప్పుతాడు. పోయింది డబ్బే కాబట్టి బతికిపోయాను. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడలోంచే పోతాయి, విసురుగా తిప్పితే అరుదుగానైనా అవి చీలే ప్రమాదం ఉంది. నీ మెడను ఎవరి చేతికీ అలా ఇవ్వొద్దు.

ఆ తర్వాతే బుద్ధి వచ్చి, కళ్యాణదుర్గం మీదుగా బస్సెక్కి అనంతపురం పెద్దాసుపత్రికి వచ్చాను. ఫిజియోథెరపీ గదిలో నీ వయసు పిల్ల ఒకామె ఉంది. నా ఓపీ చీటీ వెనక మనిషిని పక్కనుంచి చూసినట్టు బొమ్మ గీసి, దాని మీద పెద్ద ఇంటూ గుర్తు వేసింది. ఒక గీత మెడ వెనక నుంచి దిగి ఛాతీ ముందుకు వచ్చింది. "ఇవి బిగిసిపోయినవమ్మా" అంది. రెండో గీత గొంతు ముందు నుంచి వీపు మీది రెక్కల సందుకు పోయింది. "ఇవి పని మానేసినవి." ప్రాగ్ నగరంలో వ్లాదిమిర్ యాండా అనే డాక్టరు చెప్పిన లెక్కట ఇది. ముందుకు వంగి పనిచేసే ఎవరి ఒళ్ళైనా మెల్లగా ఈ ఇంటూలోకే దిగుతుందని చెప్పింది.

నాకు ఎక్కలేదు. నొప్పి రెక్కల సందులో కదా, పని మానేసిన చోట నొప్పి ఎందుకుంటుంది? అడిగాను. ఆమె నా పమిట మీద ఉన్న టేపు చూసి టైలరునని కనిపెట్టింది కాబోలు, "సాగిపోయిన ఎలాస్టిక్ చూశారా? అది వదులుగా ఉన్నా విశ్రాంతిగా లేదు, పొద్దస్తమానం ఎవరో లాగుతూనే ఉన్నారు" అంది. ముందు ఛాతీ కండరాలు పొట్టివై భుజాలను ముందుకు గుంజుతుంటే, వెనక కండరాలు సాగి సాగి ఏడుస్తుంటాయి. మనం ఏం చేస్తాం? వీపు నొప్పి కదా అని ముందుకు వంగి ఇంకా సాగదీస్తాం. అక్కడే పొరపాటు. బిగిసినదాన్ని సాగదీయాలి, సాగినదానికి పని చెప్పాలి. ఈ లేఖలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

ఒంటిని కదిలించే కండరాలు చాలావరకు జంటలుగా ఉంటాయి. రాత్రి పిక్క పట్టేస్తే కాలివేళ్ళను మోకాలి వైపు లాక్కుంటాం కదా, అలా మన బలంతో లాక్కున్నప్పుడు కాలి ముందువైపు కండరం పనిలోకి దిగుతుంది. అది పని చేస్తున్నంతసేపు దాని జంట అయిన పిక్కకు "నువ్వు వదులు" అని వెన్నుపాము నుంచే కబురు పోతుంది. దీన్ని చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త వివరంగా చెప్పాడు. నరాల మీద చేసిన పరిశోధనలకు ఆయనకు 1932లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మనకు కావలసింది ఒక్కటే: పట్టేసిన కండరాన్ని పిసికి బతిమాలకు, దాని ఎదుటిదానికి పని చెప్పు.

ఇప్పుడు నీ మెడ సంగతి. మా అమ్మ, అదే మీ జేజి, నెత్తిన కడవ పెట్టుకుని రెండు చేతులూ వదిలేసి నడిచేది. గడ్డం లోపలికి ఉండేది, మెడ తాటిచెట్టులా నిలువుగా ఉండేది. (అలాగని పాతకాలం వాళ్ళకు నొప్పులే లేవనుకోకు. మెడ బాగుండేది గానీ, చెనిక్కాయల చేలో వంగి వంగి ఆమె నడుము పోయింది.) మన తల బరువు 4.5 నుంచి 5 కిలోలు. నిలువుగా ఉంటే ఆ బరువు ఎముకల మీద కూర్చుంటుంది. సూది వైపు ముందుకు పోయేకొద్దీ, పడిపోకుండా వెనక కండరాలు రోజంతా పగ్గం పట్టుకుని లాగాలి.

గోడకు వీపు ఆనించి నిలబడు. మడమలు గోడకు జానెడు దూరంలో ఉంచు. చూపు ఎదురుగా పెట్టు. గడ్డాన్ని కిందికి వంచకు, పైకి ఎత్తకు. బీరువా సొరుగు మూసినట్టు నేరుగా వెనక్కి తొయ్యి. నెత్తిన కడవ ఉందనుకో, ఒళ్ళే నేర్పుతుంది. 5 లెక్కపెట్టి వదులు. అలా 10 సార్లు. గొంతు లోపల ఎక్కడో సన్నగా అలసట తెలుస్తుంది, నిద్రలేచిన కండరం అదే. అద్దం ముందు మాత్రం చేయకు, రెండు గడ్డాలు కనిపించి నవ్వొస్తుంది.

దాని తర్వాత వాకిలి. మోచేతిని భుజం ఎత్తులో ద్వారబంధానికి ఆనించి, అదే పక్క కాలు ఒక అడుగు ముందుకు వెయ్యి. ఛాతీ ముందు, చంక దగ్గర లాగుతుంది. అక్కడే 30 సెకన్లు ఉండు. ఊగకు, కుదుపులు ఇవ్వకు. కండరాన్ని కుదిపితే అది భయపడి ఇంకా ముడుచుకుంటుంది. రెండు పక్కలా రెండేసి సార్లు చాలు. వెంటనే, ఆ వేడి మీదే, రెక్కల పని: చేతులు పక్కన వేలాడదీసి, రెండు రెక్కలనూ వెనక్కీ కిందికీ లాగు, వెనక జేబుల్లో పెట్టుకుంటున్నట్టు. జీన్సు కుట్టినదాన్ని కదా, నాకు జేబుల పోలికే తడుతుంది. 5 లెక్క, 10 సార్లు. భుజాలు చెవుల వైపు లేస్తే అది తప్పు, ఆపి మళ్ళీ మొదలుపెట్టు. సాగదీయడం ముందు, పని తర్వాత. ఈ వరస మార్చకు.

నడుముకు ఎక్కువ రాయను, కిటుకు అదే. కూర్చుని కూర్చుని గజ్జల ముందు కండరాలు పొట్టివవుతాయి, పిరుదులు సోమరులవుతాయి, మధ్యలో నడుము మోస్తుంది. ఒక మోకాలు బొంత మీద ఆనించి తుంటిని ముందుకు జరిపి 30 సెకన్లు ఉండు. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు బిగించి నడుము పైకెత్తు. ఇదీ 10 సార్లు.

ఏదైనా సరే, నొప్పి పదికి నాలుగు దాటితే ఆపెయ్. తియ్యటి లాగుడు మంచిది, సూది గుచ్చినట్టు ఉంటే మంచిది కాదు.

టైం లేదంటావు, తెలుసు. అలారం పెట్టుకోవద్దు, నువ్వు దాన్ని నొక్కేస్తావు. నేను పెట్టుకున్న లెక్క చెప్తా: బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా లేవాలి. ఎలాగూ మిషన్ ఆగుతుంది, ఎలాగూ చెయ్యి తీయాలి. లేచి నిలబడి గడ్డం ఐదు సార్లు, రెక్కలు ఐదు సార్లు. నిమిషం పట్టదు. నాలుగైదు బాబిన్లు ముందే చుట్టి పెట్టుకునే అలవాటు ఉంది కదా నీకు, అది మానెయ్. నాకు మెడ పూర్తిగా తిరగడానికి ఆరు వారాలు పట్టింది, అదీ ఈ బాబిన్ లెక్కతోనే. నాలుగు రోజులకే తగ్గలేదని నాకు ఫోన్ చేయకు.

ఇక టెన్షన్. నీ నొప్పిలో సగం కండరానిది, సగం గేటు దగ్గర నిలబడే మనుషులది. "అయిపోయిందా అమ్మా?" అని వాళ్ళు అడగ్గానే నీ భుజాలు చెవుల్ని తాకుతాయి, నేను వీడియో కాల్‌లో చూశాను. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని దవడ బిగిస్తావు. ఆ దవడ బిగువు కణతల దాకా పోయి తలనొప్పి అవుతుంది. ముందు గుండుసూదులకు చిన్న దిండు కుట్టుకో. టైలర్‌కు అది ఐదు నిమిషాల పని. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి.

రాత్రి పడుకున్నాక ఇది చెయ్యి. బిగిసిన కండరాన్ని వదలమంటే వదలదు, ఎందుకంటే అది బిగిసి ఉందని దానికే తెలియదు. అందుకని ముందు కావాలనే ఇంకా బిగించాలి. భుజాలను చెవుల దాకా ఎత్తి గట్టిగా బిగించు, 5 నుంచి 7 సెకన్లు. ఒక్కసారిగా వదిలెయ్, తడి దుప్పటి తీగ మీంచి జారినట్టు. ఇరవై, ముప్పై సెకన్లు ఏమీ చేయకుండా ఆ తేడాను గమనించు. ఆ తేడా తెలియడమే మందు. తర్వాత పిడికిళ్ళు, మొహం, పొట్ట, తొడలు, పాదాలు. అమెరికా డాక్టరు ఎడ్మండ్ జేకబ్‌సన్ దీని మీద 1929లోనే పుస్తకం రాశాడు, ఇప్పటికీ నిద్ర పట్టనివాళ్ళకు డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. నొప్పి ఉన్న ఎడమ పక్క సగం బలంతోనే బిగించు. మధ్యలో ఊపిరి 4 లెక్కకు పీల్చి, 6 లెక్కకు వదులు. వదిలేది పొడుగ్గా ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. నేను పాదాల దాకా ఎప్పుడూ పోలేదు, పొట్ట దగ్గరే గురక పెడతానంటాడు మీ మామ.

నుదుటి మీద రెండు చేతుల వేళ్ళూ మెల్లగా ఆనించి, మనసులో తిరిగే బాధను తలచుకుంటూ ఊపిరి తీసుకోవడం ఒకటుంది. కండరాల బ్యాలెన్సింగ్ నేర్పేవాళ్ళు చూపిస్తారు. నాకు దానితో హాయిగానే ఉంటుంది. వేళ్ళ మహిమో, రెండు నిమిషాలు ఊరికే కూర్చున్న మహిమో! ఖర్చు లేదు, హాని లేదు, చేసుకో. కానీ వాళ్ళలోనే కొందరు చెయ్యి చాపమని, పైనుంచి నొక్కి, చెయ్యి దిగిపోతే "నీ లివర్ బలహీనంగా ఉంది" అంటారు. నాకూ ఒకాయన అలాగే చెప్పి పొడి డబ్బా అంటగట్టాడు. అమెరికాలో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్ళు చేత్తో సరిచేసేవాడు) 1964లో మొదలుపెట్టిన పద్ధతి అది. ఏది ఏమిటో చేసేవాళ్ళకూ చేయించుకునేవాళ్ళకూ తెలియకుండా పరీక్షిస్తే, ఆ చెయ్యి నొక్కి చెప్పే రోగాలు బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే మెరుగ్గా తేలలేదు. కండరం బలం చూడటానికి చెయ్యి నొక్కడం వేరు, ఫిజియోథెరపీలో అదీ చేస్తారు. లివర్ సంగతి రక్తపరీక్షే చెప్పాలి.

ఒక మాట నువ్వు నవ్వుతూ అన్నావు గానీ నాకు అదే గుచ్చుకుంది. రాత్రుళ్ళు బొటనవేలు నుంచి మధ్యవేలు దాకా తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే గానీ తగ్గడం లేదన్నావు. మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా అలా ఉంటుంది, మెడలో నొక్కుకున్నా ఉంటుంది. ఏదో తేల్చాల్సింది నేను కాదు. ఈ వారంలోనే పెద్దాసుపత్రికి పో, షుగరు, థైరాయిడ్ పరీక్ష కూడా అడుగు. కత్తెర చేతిలోంచి జారిపోతున్నా, కాలు పట్టు తప్పుతున్నా, ఒంటికి రెంటికి అదుపు పోయినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఇవేవీ చేయకు, ఆ రోజే చూపించుకో. ఛాతీ బరువెక్కి నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకితే కండరమేలే అనుకోకు, 108కి ఫోన్ చెయ్యి.

మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు నీ స్టూలు మరీ కిందికి ఉంది. అందుకే బల్ల మీద చేతులు పెట్టగానే భుజాలు లేస్తున్నాయి. గురువారం మీ మామ అనంతపురం వస్తున్నాడు, నా పాత స్టూలు పంపిస్తున్నా. ఒక కాలు కొంచెం ఊగుతుంది, కింద అట్టముక్క పెట్టుకో. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతికి పది జాకెట్లు, కొలతలు రాసిన చీటీలు ఇచ్చి పంపు. లైనింగ్‌వి వద్దు, నా కళ్ళు ఆనడం లేదు. మామూలువి ఇవ్వు, ఆదివారానికి కుట్టి పంపిస్తా.

మీ అత్త