టెక్ సందేహాలు: పాట కోసం ఫోన్ తాళాలు ఇచ్చేయకండి

ఈమధ్య మెయిల్ తెరిస్తే అమెరికా జాజ్ సంగీతం గురించే ఎక్కువ వస్తున్నాయి. విజయనగరం, రాజాం, శ్రీకాకుళం, నరసన్నపేట, ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌నో సాక్సోఫోన్ వాయించే కోల్ట్రేన్‌నో పట్టుకుని కూర్చున్నారు, నాకు చాలా సంతోషం, కాకపోతే అడిగేవి తిప్పితిప్పి అవే. బ్లూటూత్ ఎలా కలపాలి, ఏ ఫోన్ కొనాలి లాంటివాటి జోలికి ఈవారం పోను.

మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' గొప్ప ఆల్బమ్ అంటే పెట్టానండి. మొదటి పాట 'సో వాట్'లో చాలాసేపు ఏమీ వినబడదు, మధ్యమధ్యలో రెండేసి స్వరాలు కొట్టి ఊరుకుంటున్నారు. ఇందులో గొప్పేటి? (రాజాం)

ఫోన్ స్పీకర్లో విన్నారు కదూ? ఆ పాట ఎత్తుకునేదే బాస్ అండీ, కింది స్వరాలు పలికే పెద్ద తీగల వాయిద్యం. పాల్ చాంబర్స్ బాస్ మీద ఒక మాట అడుగుతాడు, మిగతావాళ్లు రెండు స్వరాల్లో బదులు చెప్తారు. నిలబెట్టి వాయించే ఆ పెద్ద బాస్‌లో అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ అడుగున ఉన్న చిల్లుల్లోంచి అంత కింది ధ్వని ఎలా వస్తుంది? అడిగింది సరిగ్గా వినబడక బదులు మాత్రం వినబడుతోంది మీకు. ఒక మంచి వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ వినండి. 'ఎక్స్‌ట్రా బాస్' బటన్ మాత్రం ముట్టుకోవద్దు. ఈ పార్టీ స్పీకర్లు తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం, రంగురంగుల లైట్ల మీద పెట్టే శ్రద్ధ లోపలి కోన్ మీద పెట్టరు, బాస్ అంతా ఒకే ముద్దగా గుబగుబలాడుతుంది గానీ ఏ స్వరం నుంచి ఏ స్వరానికి నడిచిందో తెలీదు.

విజయనగరంలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. అదే కైండ్ ఆఫ్ బ్లూతో కలిపి వాయిద్దామని శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి చూస్తే మొదటి మూడు పాటలూ శ్రుతి కొంచెం పైకి ఉన్నాయి, నాలుగు, అయిదు సరిగ్గా ఉన్నాయి. యాప్ స్పీడు పెంచేస్తోందా, బ్లూటూత్ వల్లా?

భలే చెవి అమ్మా నీది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరు అనిపించావు. తప్పు యాప్‌దీ కాదు, బ్లూటూత్‌దీ కాదు, 1959 నాటిది. ఆ ఆల్బమ్‌ని న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో రెండు రోజుల్లో రికార్డ్ చేశారు, మార్చి 2న మొదటి మూడు పాటలు, ఏప్రిల్ 22న మిగతా రెండు. మార్చి రోజున మెయిన్ టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని మామూలు స్పీడులో ప్లే చేస్తే ఏమవుతుంది, పాట కొంచెం వేగంగా, శ్రుతి కొంచెం పైకి వస్తుంది. అలాగే రికార్డులు అచ్చువేశారు, ముప్ఫై ఏళ్లకి పైగా ప్రపంచమంతా అలాగే విన్నది. అదృష్టం ఏటంటే పక్కన ఇంకో మెషీన్ సరైన స్పీడులో తిరిగింది, 1992లో ఆ టేపు తీసుకుని సరిచేశారు. నీ దగ్గరున్నది ఆ తప్పు స్పీడు టేపు నుంచి ఎక్కించిన కాపీ అయ్యుంటుంది. 1992 తర్వాత వచ్చిన రీమాస్టర్, అంటే సరిచేసి మళ్లీ విడుదల చేసిన కాపీ, పెట్టుకో, నీ వయొలిన్‌తో కలుస్తుంది. ఈలోపు ప్లేబ్యాక్ స్పీడు ఒక్క శాతం చిల్లర తగ్గించి కూడా వాయించుకోవచ్చు, కాకపోతే ఆ యాప్‌లో 'పిచ్ మారకుండా' అనే ఆప్షన్ ఆఫ్ చెయ్యాలి, లేకపోతే వేగం తగ్గుతుంది, శ్రుతి అక్కడే ఉంటుంది.

కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'లో మూడో భాగం అయ్యి నాలుగోది మొదలయ్యేచోట టక్కుమని తెగుతోంది. అప్‌డేట్ చేసినప్పట్నించి ఇదే గొడవ. (శ్రీకాకుళం)

సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చెయ్యండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగా ఇంకోటి కలిపేసేది) సున్నాకి లాగండి. అయిపోయింది.

కానీ ఈ అప్‌డేట్ల సంగతి మాట్లాడాలి. కోల్ట్రేన్ ఆ నాలుగు భాగాల్నీ ఒక వరసలో కట్టాడు, 1964 డిసెంబర్ 9న రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఒక్కరోజులో వాయించారు, పాత ఎల్‌పీ రెండో వైపు మూడు, నాలుగు భాగాలు తెగకుండా సాగుతాయి. అంత ఆలోచించి కట్టిన వరసని ఇవాళ యాప్ చేసేవాళ్లు పాటల్ని ఇష్టమొచ్చినట్టు కలిపేసే ఒక్క షఫుల్ బటన్‌తో చెడగొడుతున్నారు, పైగా అదే పెద్ద బటన్, వరసగా వినే బటన్ ఏ మూలో ఉంటుంది. కచేరీలో మంగళం ముందు పాడేసి వర్ణం చివర్న పాడితే ఊరుకుంటామా మనం? ఆల్బమ్ అయిపోగానే మనల్ని అడక్కుండా ఇంకేదో పాట మొదలెట్టే ఆటోప్లే ఒకటి. కోల్ట్రేన్ ఆఖరి స్వరం తర్వాత ఒక నిమిషం ఊరికే కూర్చోవాలనిపిస్తుంది మనిషికి, ఆ నిమిషం కూడా ఇవ్వరు. మనం ఆఫ్ చేసి పెట్టుకున్నది అప్‌డేట్ రాగానే మళ్లీ ఆన్ అయిపోతుంది. నా పద్ధతి ఏటంటే అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆటోప్లే, షఫుల్, క్రాస్‌ఫేడ్, శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే వాల్యూమ్ లెవెలింగ్ చూసుకుంటాను. ఈ చివరిది ఆల్బమ్ మోడ్‌లో ఉంటే పర్లేదు, పాట పాటకీ లెవెల్ చేస్తే మాత్రం మెల్లగా వాయించిందీ గట్టిగా వాయించిందీ ఒకేలా తగలేస్తుంది.

మా గుంటడు ఏదో గ్రూపులో దొరికిందని ఒక మ్యూజిక్ యాప్ నా ఫోన్‌లో వేశాడు. డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు, కోల్ట్రేన్ 'బ్లూ ట్రైన్' హైక్వాలిటీలో వస్తోంది. యాక్సెసిబిలిటీ ఆన్ చెయ్యమని అడిగితే చేశాడు. నా పెన్షన్ అకౌంట్ కూడా ఇదే ఫోన్‌లో ఉంది. పర్వాలేదా? (రిటైర్డ్ టీచర్, నరసన్నపేట)

చాలా ప్రమాదం మాస్టారూ. ఇది చదవగానే ముందు డేటా, వైఫై ఆపండి, తర్వాతే మిగతాది చదవండి.

పాట వినిపించే యాప్‌కి యాక్సెసిబిలిటీ ఎందుకండీ? ఆ పర్మిషన్ కళ్లు కనబడనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టింది. అది ఇచ్చామంటే స్క్రీన్ మీద ఉన్నది ఆ యాప్ చదవగలదు, మీ బదులు అదే బటన్లు నొక్కగలదు. దానికి తోడు నోటిఫికేషన్లు చూసే పర్మిషనో, ఎస్సెమ్మెస్ పర్మిషనో కూడా ఇచ్చి ఉంటే వచ్చిన ఓటీపీ మీకంటే ముందు అదే చూస్తుంది. పాట నిజంగానే బాగా వస్తుంది, అందుకే అనుమానం రాదు. కోల్ట్రేన్ వాయిస్తూనే ఉంటాడు, వెనకాల ఖాతా ఖాళీ అవుతుంది. నాకు వచ్చే మెయిళ్లలో నన్ను నిద్రపోనివ్వనివి ఇవే, ఎందుకంటే పోయేది పెన్షన్ డబ్బు, పిల్లల ఫీజు డబ్బు.

యాక్సెసిబిలిటీ సెట్టింగ్‌లోకి వెళ్లి ఆ యాప్‌ని ఆఫ్ చెయ్యండి, డివైజ్ అడ్మిన్ లిస్టులో ఉంటే అక్కడా తీసెయ్యండి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. తీయనివ్వకుండా వెనక్కి తోసేస్తుంటే అది దొంగ యాప్ అని ఇంక అనుమానమే అక్కర్లేదు. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచో బ్యాంకుకి వెళ్లో మార్చండి, అదే ఫోన్‌లో మారిస్తే కొత్తది కూడా ఆ దొంగకే చేరుతుంది. ఫోటోలు, నంబర్లు దాచుకుని ఫోన్ పూర్తిగా రీసెట్ చేసేయండి. ఒక్క రూపాయి తేడా కనబడినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ, పరువు పోతుందని తెల్లారేదాకా ఆగొద్దు. గుంటణ్ణి కొట్టకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఇవన్నీ వాడి చేతే చేయించండి.

ఇంకో రకం మోసం, ఆల్బమ్ పేరుతో ఫైల్ పంపుతారు, పేరు చివర్న చూస్తే ఏపీకే అని ఉంటుంది, అది ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. పాట ఫైల్ ఎప్పుడూ ఏపీకే కాదు. సైజు చూసినా దొరికిపోతుంది. సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, 45 నిమిషాల ఆల్బమ్ 450 ఎంబీ దాటుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైల్‌గా మార్చినా సగం చుట్టుపక్కల ఉంటుంది. మొత్తం ఆల్బమ్ లాస్‌లెస్‌లో, అంటే నాణ్యత ఏమీ తగ్గకుండా, 12 ఎంబీయే అన్నవాడిని అక్కడే బ్లాక్ చెయ్యండి. ఈ పాత ఆల్బమ్‌లు చాలావరకు రికార్డు కంపెనీలే వీడియో సైట్లలో అధికారికంగా పెట్టాయి, యాడ్స్ వస్తాయి అంతే, రానివ్వండి.

ఒక చెవిలో బడ్ పెట్టుకుని పని చేసుకుంటూ కైండ్ ఆఫ్ బ్లూ వింటాను. అందులో కోల్ట్రేన్ సాక్సోఫోన్ బాగానే ఉంది, కానన్‌బాల్ ఆడర్లీ సాక్సోఫోన్ ఎక్కడో దూరంగా ఉంది. బడ్ పాడైందా? (విజయనగరం)

పాడవలేదు. కైండ్ ఆఫ్ బ్లూ స్టీరియోలో కోల్ట్రేన్‌ని ఎడమకి, ఆడర్లీని కుడికి పెట్టారు, మీరు పెట్టుకున్నది ఎడమ బడ్ అయ్యుంటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో, ఇందాక మాస్టారికి చెప్పిన యాక్సెసిబిలిటీ మెనూలోనే 'మోనో ఆడియో' ఉంటుంది, అది ఫోన్ సొంత స్విచ్, ఏ యాప్‌కీ పర్మిషన్ ఇస్తున్నట్టు కాదు, ధైర్యంగా ఆన్ చెయ్యండి. రెండు చెవులకీ పెట్టుకున్నప్పుడు మళ్లీ ఆఫ్ చేసుకోండి.