బిల్లు కట్టక పోగొట్టుకున్న సిస్టమ్: బి-ఆర్5ఆర్‌బిపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష ఆటలో న్యూ ఈడెన్ అనే విశ్వం ఉంది. అందులో ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలు, ఆడేవాళ్ల మాటలో సిస్టమ్‌లు. భద్రత స్థాయి 0.5 నుంచి 1.0 వరకు ఉన్నచోట పోలీసులు వస్తారు. 0.1 నుంచి 0.4 దాకా లోసెక్. సున్నా, అంతకంటే కింద ఉంటే నల్‌సెక్. అక్కడ పోలీసు లేడు, ఆటగాళ్లు కట్టుకున్న కూటములదే రాజ్యం. ఈసారి ప్రశ్నలన్నీ ఆ సరిహద్దు సిస్టమ్‌ల గురించే. వాటిలో ఎక్కువ ఒక్క పేరు చుట్టూ తిరిగాయి: 2014 జనవరిలో పెద్ద పోరు జరిగిన బి-ఆర్5ఆర్‌బి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): బి-ఆర్5ఆర్‌బిలో అంత విలువైనది ఏముంది? ఒక మారుమూల సిస్టమ్ కోసం వేలమంది ఎందుకు కొట్టుకున్నారు?

గనులూ లేవు, నిధులూ లేవు. ఇమెన్సియా ప్రాంతంలో ఉన్న మామూలు సిస్టమ్ అది. కాకపోతే అక్కడ ఒక స్టేషన్ ఉంది. 2013 చివర్లో మొదలైన యుద్ధంలో ఎన్3, పాండెమిక్ లీజియన్ అనే కూటముల పక్షం ఆ స్టేషన్‌ను విడిదిగా పెట్టుకుంది. వాళ్ల పెద్ద ఓడలూ సరంజామా అంతా అందులోనే.

అప్పటి నియమాల ప్రకారం సిస్టమ్ మీ పేరున ఉండాలంటే రెండు పనులు చేయాలి. టెరిటోరియల్ క్లెయిమ్ యూనిట్ అనే పెట్టెను నిలబెట్టాలి, దానికి గడువు తప్పకుండా ఐఎస్‌కేలో, అంటే ఆట డబ్బులో, బిల్లు కట్టాలి. 2014 జనవరి 27న ఆ బిల్లు కట్టలేదు. కట్టకపోతే అంతే. హక్కు దానంతటదే రద్దవుతుంది. ఒక్క గుండు పేలకుండానే స్టేషన్ అనాథ అయింది.

ఎదుటి పక్షం, అంటే సీఎఫ్‌సీ, రష్యన్ కూటములు, ఆలస్యం చేయలేదు. స్టేషన్‌ను పట్టుకుని తమ క్లెయిమ్ యూనిట్ పాతేశారు. కొత్త యూనిట్ పనిచేయడం మొదలుపెట్టడానికి 8 గంటలు పడుతుంది. ఆ 8 గంటలు కాపాడితే సిస్టమ్ వాళ్లది, ఈలోగా పగలగొడితే కాదు. ఇద్దరూ తప్పించుకోలేని ముహూర్తం అలా ఖరారైంది.

స్టేషన్ చేతులు మారితే లోపలున్న ఓడలు శత్రువుల సొత్తు కావు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మీ ఓడ మీదే. కాకపోతే కొత్త యజమాని డాకింగ్ అనుమతి తీసేస్తాడు. బయటికి రావచ్చు, తిరిగి లోపలికి పోలేరు. గుమ్మం ముందు శత్రువు ఫ్లీట్ కాచుకుని ఉంటే వందల ఓడలు ఉన్నా లేనట్టే. పాండెమిక్ లీజియన్ తన టైటన్‌లను, అంటే ఆటలోని అతి పెద్ద యుద్ధనౌకలను, బరిలోకి దించడానికి కారణం ఈ భయమే కానీ, పటం మీద చుక్క పోతుందన్న పౌరుషం కాదు.

సీసీపీ ప్రకటించిన లెక్కలు ఇవి: పాల్గొన్న పాత్రలు 7,548, ఒకే సమయంలో సిస్టమ్‌లో ఉన్నవాళ్లు గరిష్ఠంగా 2,670. కూలిన టైటన్లు 75. అందులో 59 ఎన్3, పాండెమిక్ లీజియన్ పక్షానివి, 16 ఎదుటివాళ్లవి. పోరు 21 గంటలు సాగింది.

ప్రశ్న (వరంగల్): ఓడిపోతున్నామని తెలిశాక వాళ్లు ఎందుకు పారిపోలేదు? వేరే సిస్టమ్‌కు దూకించే జంప్ డ్రైవ్ ఉంటుంది కదా?

మంచి ప్రశ్న. జవాబు సర్వర్‌లో ఉంది.

ఒక సిస్టమ్‌లో జనం కిక్కిరిస్తే సర్వర్ కూలిపోకుండా అక్కడి కాలాన్ని నెమ్మదింపజేస్తుంది. దీన్ని టైమ్ డైలేషన్ అంటారు. కనిష్ఠం 10 శాతం, అంటే ఆటలో ఒక సెకను గడవడానికి మీ గోడ గడియారంలో పది సెకన్లు. బి-ఆర్5ఆర్‌బి ఎక్కువసేపు ఆ కనిష్ఠంలోనే ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. టైటన్ తన పెద్ద ఆయుధం డూమ్స్‌డే పేల్చాక మళ్లీ పేల్చడానికి 10 నిమిషాలు ఆగాలి, ఆ పది నిమిషాలూ అది జంప్ చేయలేదు. 10 శాతం దగ్గర ఆ పది నిమిషాలు 100 నిమిషాలు అవుతాయి. డ్రెడ్‌నాట్ అనే పెద్ద ఓడ సీజ్ మోడ్‌లోకి, అంటే దెబ్బ బలం పెంచుకునే స్థితిలోకి, వెళితే 5 నిమిషాలు కదలలేదు, అది 50 నిమిషాలు. డూమ్స్‌డే పేల్చిన వాడు గంటా నలభై నిమిషాలు బోనులో ఉన్నట్టే. పేల్చకుండా ఊరుకుంటే అవతలి టైటన్లు తగ్గవు. పైగా ఇంటర్‌డిక్టర్ ఓడలు వదిలిన బబుల్స్, అంటే అడ్డు వలయాలు, వార్ప్‌ను, అంటే సిస్టమ్ లోపలి మెరుపు ప్రయాణాన్ని, ఆపుతూనే ఉంటాయి.

ఇంకో సంగతి. నెమ్మదించేది ఆ సిస్టమ్, దానితో పాటు అదే సర్వర్ నోడ్ మీద ఉన్న సిస్టమ్‌లు మాత్రమే. మిగతా విశ్వం మామూలు వేగంతోనే నడుస్తుంది. లోపల ఒక రౌండు పూర్తయ్యేలోగా బయట ఐరోపా నిద్రపోతుంది, అమెరికా ఆఫీసు నుంచి ఇంటికొచ్చి లాగిన్ అవుతుంది. అందుకే ఇలాంటి పోరులో మొదటి గంట తూకం చూసి గెలుపు అంచనా వేయడం తప్పు. ఏ పక్షానికి ఏ దేశాల వాళ్లు ఎంతమంది ఉన్నారో, రాబోయే ఆరు గంటల్లో ఎవరు నిద్ర లేస్తారో చూడాలి.

టైటన్ల లెక్కకు చక్రవడ్డీ గుణం కూడా ఉంది. శత్రు టైటన్‌ను కూల్చడానికి చాలా డూమ్స్‌డేలు ఒకేసారి తగలాలి. మీవి కొన్ని పోతే తర్వాతి రౌండులో మీ దెబ్బ బలం తగ్గుతుంది, వాళ్ల దెబ్బ బలం తగ్గదు. మొదట్లో చిన్న తేడా ఉన్నా చివరికి 59కి 16 అయిందంటే ఆశ్చర్యం లేదు.

ప్రశ్న (గుంటూరు): మూడు లక్షల డాలర్లు నష్టమని పేపర్లలో చదివాం. ఎవరి జేబులోంచి పోయింది?

ఎవరి జేబులోంచీ పోలేదు. పోయింది సుమారు 11 ట్రిలియన్ ఐఎస్‌కే విలువైన ఓడలు. ఆటలో ప్లెక్స్ అనే వస్తువును డాలర్లతో కొని ఐఎస్‌కేకి అమ్ముకోవచ్చు. ఆ మారకపు ధరను వెనక్కి తిప్పి 11 ట్రిలియన్‌ను గుణిస్తే 3 లక్షల డాలర్ల పైచిలుకు వస్తుంది. కానీ ఐఎస్‌కేని తిరిగి డాలర్లుగా మార్చుకోవడం నిబంధనలకు విరుద్ధం, అకౌంటు పోతుంది. ఆ ఓడల్లో ఎక్కువ భాగం ఆటలోనే తవ్విన ఖనిజంతో నెలల తరబడి కట్టినవి. నష్టం మనుషుల శ్రమకు. డాలర్ గుర్తు పెడితే వార్త అమ్ముడుపోతుంది, అంతే.

ప్రశ్న (హైదరాబాద్): ఇప్పుడూ బిల్లు మర్చిపోతే సిస్టమ్ పోతుందా? ప్రస్తుతం ఒక సిస్టమ్‌ను ఎలా లాక్కుంటారు? అంచెలవారీగా చెప్పండి.

పద్ధతి 2015 జులైలో మారింది, 2024 జూన్‌లో మళ్లీ కొంత మారింది. పాత క్లెయిమ్ యూనిట్ పోయి ఇప్పుడు సావరిన్టీ హబ్ ఉంది. దాడి ఇలా సాగుతుంది.

హబ్‌ను తుపాకులతో కొట్టరు. ఎంటోసిస్ లింక్ అనే పరికరం బిగించిన ఓడతో లాక్ చేసి దాన్ని నడపాలి. టెక్ 1 రకానికి పరిధి 25 కిలోమీటర్లు, ఒక చక్రం 5 నిమిషాలు. టెక్ 2కి 250 కిలోమీటర్లు, 2 నిమిషాలు. మొదటి చక్రం సన్నాహం మాత్రమే, పట్టు రెండో చక్రం నుంచి మొదలవుతుంది. ప్రతి చక్రానికి స్ట్రాంషియం క్లాత్రేట్స్ అనే ఇంధనం కావాలి. కార్గోలో వేసుకోకుండా బయల్దేరి, హబ్ దాకా వెళ్లాక తెల్లమొహం వేసే కొత్తవాళ్లు చాలామంది.

లింక్ నడుస్తున్నంతసేపు ఆ ఓడ వార్ప్ కాలేదు, డాక్ కాలేదు, స్నేహితుల నుంచి రిపేరు అందుకోలేదు. అందుకే ఖరీదైన ఓడకు బిగించకండి. వేగంగా తిరిగే చిన్న ఓడకు టెక్ 2 లింక్ పెట్టి దూరం నుంచి నడపండి. మీది నడుస్తుండగా అవతలివాడు తన లింక్ వేస్తే లెక్క ఆగిపోతుంది. కాబట్టి ముందు మైదానం మీ చేతిలో ఉండాలి.

ఎంతసేపు పడుతుంది? కనీసం 10 నిమిషాలు. దాన్ని సిస్టమ్ రక్షణ గుణకంతో హెచ్చించాలి. ఈ గుణకం 1 నుంచి 6 వరకు ఉంటుంది. యజమానులు అక్కడ ఎంత తవ్వితే, ఎన్ని ఎన్‌పీసీ ఓడలను, అంటే ఆటే నడిపే ఓడలను, వేటాడితే అంత పెరుగుతుంది. గుణకం 6 ఉంటే దాడి చేసేవాడికి గంట పడుతుంది, యజమానికి మాత్రం అదే 10 నిమిషాలు. హబ్ దాడికి తెరిచి ఉండే సమయం కూడా దీన్ని బట్టే: 18 గంటలను గుణకంతో భాగించండి. 6 ఉంటే రోజుకు 3 గంటలు, 1 ఉంటే మొత్తం 18 గంటలు. ఆ సమయం రోజులో ఎప్పుడు ఉండాలో యజమాని ఎంచుకుంటాడు.

మొదటి దెబ్బ పడగానే సిస్టమ్ మీది అయిపోదు. హబ్ సుమారు రెండు రోజులు తాళం పడి ఉంటుంది. ఆ తర్వాత చుట్టుపక్కల సిస్టమ్‌లన్నిటా కమాండ్ నోడ్‌లు అనే చిన్న కేంద్రాలు పుట్టుకొస్తాయి, వాటిని ఎవరు ఎక్కువ పట్టుకుంటే వాళ్లది గెలుపు. ఇక్కడ ఒకే పెద్ద ఫ్లీట్ పనికిరాదు, ఐదారు చిన్న ముఠాలుగా విడిపోవాలి. సంఖ్యలో పెద్ద కూటమి ఓడిపోయే చోటు ఏదైనా ఉందంటే ఇదే. అందరూ కమాండర్ వెనకే తిరుగుతారు, నోడ్‌లు ఎదుటివాడు తీసుకుపోతాడు.

నిర్లక్ష్యంగా వదిలేస్తే సిస్టమ్ పోతుందా అంటే, ఇప్పుడూ పోతుంది. ఎవరూ ఆడని సిస్టమ్‌లో గుణకం 1కి పడిపోతుంది. అప్పుడు మొదటి దెబ్బకు ఒక మనిషి, ఒక లింకు, పదిహేను నిమిషాలు చాలు.

ప్రశ్న (విశాఖపట్నం): ఒంటరిగా నల్‌సెక్ చూసి రావాలని ఉంది. ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి వెళ్లే గేటు దాటగానే చంపేస్తున్నారు. ఏం చేయాలి?

గేటు దాటగానే కాదు, చాలామందిని గేటుకు వెళ్లేటప్పుడు పట్టుకుంటారు. గేటు నుంచి నేరుగా తర్వాతి గేటుకు వార్ప్ కొట్టకండి. ఆ గీత మీద ముందే బబుల్ పాతి ఉంటారు, అది మిమ్మల్ని తన అంచుకు లాగేస్తుంది. ముందు గీతకు పక్కగా ఉన్న ఏదో ఒక గ్రహానికి వెళ్లి, అక్కడి నుంచి గేటుకు వెళ్లండి. కోణం మారితే బబుల్ పట్టదు. గ్రహం దగ్గర ఆగినప్పుడు డైరెక్షనల్ స్కానర్‌ను గేటు వైపు తిప్పి చూడండి, దాని పరిధి 14.3 ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక ఏయూ). ఇంటర్‌డిక్టర్ కనిపిస్తే వేరే దారి చూసుకోండి.

దాటాక కంగారు పడకండి. ఏమీ నొక్కకుండా ఉంటే 60 సెకన్లు మీరు ఎవరికీ కనిపించరు. ఆ నిమిషంలో లోకల్ జాబితా (సిస్టమ్‌లో ఉన్నవాళ్ల పేర్లు), చుట్టూ ఉన్న ఓడలు, బబుల్ అంచు ఎంత దూరమో చూసుకోండి. బబుల్ లేకపోతే వెంటనే వార్ప్. ఉంటే, అది చిన్నదై అంచు దగ్గరగా ఉంటే బయటికి పరుగు. పెద్దదైతే తిరిగి గేటుకే పరుగెత్తి, 2,500 మీటర్ల లోపలికి రాగానే వెనక్కి దూకండి. దారిలో మీరు ఎవరి మీదా కాల్చకండి, కాలిస్తే ఒక నిమిషం పాటు గేటు మిమ్మల్ని తీసుకోదు.

క్లోక్, అంటే ఓడను కనిపించకుండా చేసే పరికరం, ఉన్న ఓడ అయితే ఇంకా మేలు. కోవర్ట్ ఆప్స్ ఫ్రిగేట్ కనిపించకుండానే వార్ప్ అవుతుంది. ఏ వస్తువుకైనా 2,000 మీటర్ల లోపు ఉంటే క్లోక్ పనిచేయదని మాత్రం గుర్తుంచుకోండి. గేట్ల దగ్గర డ్రోన్లు, ఖాళీ పెట్టెలు చల్లి ఉంచేది అందుకే. ఖరీదైన ఇంప్లాంట్లు ఉన్న క్లోన్‌తో, అంటే మీ పాత్ర దేహంతో, వెళ్లకండి, బబుల్‌లో ఓడతో పాటు ఆ దేహం ఉండే పాడ్ కూడా పోతుంది.

ప్రశ్న (కరీంనగర్): టైటన్ల నష్టంలో బి-ఆర్5ఆర్‌బి రికార్డు ఇంకా ఉందా?

లేదు. 2020 డిసెంబరు 30, 31 తేదీల్లో డెల్వ్ ప్రాంతంలోని ఎం2-ఎక్స్‌ఎఫ్‌ఈలో 257 టైటన్లు కూలాయి. అక్కడ కారణం బిల్లు కాదు, కీప్‌స్టార్ అనే భారీ కోట దాడికి తెరుచుకునే గడువు. జనవరి మొదట్లో రెండో విడతకు దాడిదారులు వేలమంది ఒకేసారి జంప్ చేస్తే సర్వర్ వాళ్లను లోపలికి ఎక్కించలేకపోయింది. తెర మీద ఏమీ కనిపించకముందే ఓడలు పోయాయి. నిండిన సిస్టమ్‌లోకి చివర్లో దూకడం కంటే ముందే వెళ్లి కూర్చోవడం మేలని అప్పటి నుంచి కమాండర్లు పట్టుబడుతున్నారు.

ప్రశ్న (డాలస్ నుంచి ఒకరు, తిరుపతి నుంచి ఒకరు): సర్వర్ లండన్‌లో ఉంది కదా, ఇండియా నుంచి ఆడితే పింగ్ వల్ల నష్టమా? ఏ సమయంలో ఆడాలి?

పింగ్ గురించి దిగులు అక్కర్లేదు. ఈ ఆట సర్వర్ సెకనుకు ఒక్కసారే లెక్క వేస్తుంది. 200 మిల్లీసెకన్ల ఆలస్యం అందులో కలిసిపోతుంది. ఇబ్బంది పెట్టేది కనెక్షన్ తెగిపోవడమే. పెద్ద పోరులో తెగితే మళ్లీ లోపలికి ఎక్కడానికి చాలాసేపు పట్టవచ్చు. ఫైబర్‌తో పాటు ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి.

సర్వర్‌ను రోజూ 11:00 యూటీసీకి, అంటే మనకు సాయంత్రం 4:30కి, కాసేపు ఆపుతారు. కాలం నెమ్మదించినా ఈ గడియారం నెమ్మదించదు. మన రాత్రి 8 నుంచి 11 మధ్య ఐరోపాలో మధ్యాహ్నం, సాయంత్రం వేళ, ఇంకా జనం పూర్తిగా రారు. లండన్ రాత్రి 8 అంటే చలికాలంలో మనకు 1:30. అమెరికా తూర్పు తీరం రాత్రి 8 మనకు తెల్లవారి 6:30. కూటమిలో చేరే ముందు వాళ్ల సిస్టమ్‌ల దాడి సమయం యూటీసీలో ఎంతో అడగండి. 13:00 నుంచి 17:00 మధ్య అయితే మీరు ఉద్యోగం చేసుకుంటూనే పనికొస్తారు. 20:00 తర్వాత అని చెబితే తిరుపతి పాఠకుడు వేరే కూటమి చూసుకోవడం మంచిది, డాలస్ పాఠకుడికి మాత్రం అది మధ్యాహ్నమే.