పాత ఆఫీసు కంప్యూటర్లు: ఏ చిప్ ఏ బోర్డుకు?

ప్రశ్న: మా డీటీపీ సెంటర్లో ఐ3-3220 చిప్ (ప్రాసెసర్) ఉన్న డెల్ ఆప్టిప్లెక్స్ 7010 టవర్ వాడుతున్నాం. ఐ7-4770 ఉన్న 9020 టవర్ ఒకటి ఖాళీగా ఉంది. ఆ ఐ7ను 7010లో వేయొచ్చా? లేదంటే బోర్డుతో సహా మార్చొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెండూ కుదరవు. 7010ది ఎల్‌జీఏ 1155 సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే గూడు), 9020ది 1150. చిప్ అంచున ఉండే గాట్ల చోటు వేరు. బలవంతంగా నొక్కితే సాకెట్లో పిన్నులు వంగుతాయి.

బోర్డు సంగతి ఇంకా చిక్కు. 7010 ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) నుంచి వచ్చేది మామూలు 24 పిన్నుల కనెక్టర్. 9020 బోర్డుకు డెల్ సొంత 8 పిన్నుల కనెక్టర్ కావాలి. పైగా హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఆ బోర్డు నుంచే వెళ్తుంది. ఇక్కడ ఎస్‌ఎంపీఎస్, కేబుళ్లు అన్నీ మార్చాల్సి వస్తుంది. అంత శ్రమ దేనికి? 9020నే వాడకంలోకి తెచ్చుకోండి. రెండింటిదీ డీడీఆర్3 ర్యామే కాబట్టి 7010లోని ర్యామ్ కూడా దానికి పనికొస్తుంది.

7010నే ఉంచుకోవాలనుకుంటే మూడో తరం ఐ5-3470 లేదా ఐ7-3770 వెతకండి. అయితే డీటీపీ పనికి ముందు ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేయించండి. ప్రాసెసర్ మార్పు కంటే ఆ తేడాయే ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్న: 7010లో ఐ3 తీసి ఐ7-3770 వేయాలి. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పాత చిప్ ఉండగానే బయోస్ (ఆన్ చేయగానే బోర్డును నడిపే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయండి. తర్వాత పది నిమిషాలు కంప్యూటర్ నడిపితే చిప్ మీది పాత పేస్ట్ వేడికి మెత్తబడి హీట్‌సింక్ (చిప్‌ను చల్లబరిచే లోహపు దిమ్మ) తేలిగ్గా ఊడుతుంది. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచండి. హీట్‌సింక్ స్క్రూలు నాలుగింటినీ ఎదురెదురు మూలల నుంచి కొంచెం కొంచెంగా వదులు చేయండి. బిగించేటప్పుడూ అదే వరస.

పిన్నులు చిప్‌కు కాదు, సాకెట్‌కే ఉంటాయి. వాటిని వేలితో తాకొద్దు. కొత్త చిప్‌ను గాట్లు చూసుకుని నిటారుగా దించండి, నొక్కకండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, శనగగింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టండి. ఐ3 55 వాట్లది, ఐ7 77 వాట్లది. హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము ఉంటే ఐ3కి సరిపోయిన చల్లదనం దీనికి చాలదు.

ఆన్ చేశాక ర్యామ్ సగమే కనిపిస్తే ర్యామ్‌ను అనుమానించే ముందు టార్చి వేసి సాకెట్ చూడండి. వంగిన ఒక్క పిన్ను ఒక మెమరీ ఛానెల్‌ను (చిప్ నుంచి ర్యామ్‌కు వెళ్లే దారిని) ఆపేయగలదు. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

ప్రశ్న: పాత బోర్డు తీసి అదే మోడల్ బోర్డు వేశాం. విండోస్ నీలి తెర చూపించి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. డిస్క్ పోయిందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి. బయోస్‌లో 'సాటా ఆపరేషన్' (బోర్డు డిస్క్‌ను నడిపే పద్ధతి) చూడండి. పాత బోర్డులో ఏహెచ్‌సీఐ ఉండి, కొత్తదానిలో రెయిడ్ ఉంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. పాత సెట్టింగ్‌కు మార్చి చూడండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) వాడుతుంటే బోర్డు మారాక రికవరీ కీ అడుగుతుంది. 48 అంకెల ఆ కీని బోర్డు విప్పక ముందే రాసి ఉంచుకోవాలి. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి యాక్టివేషన్ కూడా పోవచ్చు.