విందుకు బ్రుస్కెట్టా: మెత్తబడకుండా తీసుకెళ్లడం ఎలా?

ప్రశ్న: వచ్చే ఆదివారం నగరానికి ఆ చివరనున్న బంధువుల ఇంట్లో పదిహేను మందిమి కలుస్తున్నాం. ఇంటికొక వంటకం తేవాలి, ముందుగా తినే ఇటలీ చిరుతిండి నా వంతు. లోగడ బ్రెడ్ ముక్కల మీద టమాటా పేర్చి తీసుకెళ్తే, చేరేసరికి అంతా ముద్దయింది. మా ఇంట్లో ఓవెన్ లేదు. పైన వేసే బేసిల్ ఆకు దొరక్కపోతే తులసి వేయవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చేసినది బ్రుస్కెట్టాయే. అది వడ్డించే ముందు పేర్చవలసిన వంటకం గనుక, కాల్చిన బ్రెడ్‌నూ టమాటా ముక్కలనూ వేర్వేరుగా తీసుకెళ్లి, అక్కడే పేర్చండి.

మధ్య ఇటలీలోని టస్కనీలో, శరదృతువు చివర ఆలివ్ పండ్లను గానుగాడించగానే, కొత్త నూనె రుచి చూడటానికి కాల్చిన రొట్టెకు వెల్లుల్లి రుద్ది, ఆ నూనె ధారగా పోసి, ఉప్పు చల్లుకొని తింటారు. అక్కడ ఈ రకం బ్రుస్కెట్టాను ఫెత్తుంతా అంటారు. టమాటా లేకపోయినా అది పూర్తి వంటకమే గనుక, మీరు ముందుగా శ్రద్ధ పెట్టవలసినవి రొట్టె, నూనె. మన దుకాణాల్లో దొరికే మెత్తని, తియ్యని శాండ్‌విచ్ బ్రెడ్ దీనికి పనికిరాదు. పైపొర గట్టిగా ఉండే బగెట్ లాంటి పొడవాటి బ్రెడ్లు రెండు కొనండి, నిన్నటివైతే మరీ మంచిది. వాటిని ఏటవాలుగా, ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన ముప్పై ముక్కలుగా కోయండి. ఓవెన్ అక్కర్లేదు, ఇనుప పెనం మీద నూనె లేకుండా, మధ్యస్థమైన మంట మీద అంచులు ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా రెండువైపులా కాల్చండి. వేడిగా ఉండగానే సగానికి కోసిన వెల్లుల్లి రెబ్బను పైన రుద్దితే, గరుకైన ఆ పైభాగం వెల్లుల్లిని కోరాము కోరినట్లు అరగదీసుకుంటుంది. వెల్లుల్లి తిననివారు వస్తారనుకుంటే కొన్ని ముక్కలను రుద్దకుండా విడిగా ఉంచండి. పూర్తిగా చల్లారాకే కాగితపు సంచిలో పెట్టండి. వేడివేడిగా డబ్బాలో మూస్తే ఆవిరి పట్టి మళ్లీ పాత కథే అవుతుంది.

ముద్దకావడానికి అసలు కారణం టమాటా నీరు. పులుపెక్కువగా, రసం ఎక్కువగా ఉండే నాటు రకం కన్నా, బాగా పండి గట్టిగా, కండగా ఉన్న కోలకాయలు ఒక కిలో తీసుకోండి. సగానికి కోసి, గింజలున్న గుజ్జును తీసేయండి (అది ఆ పూట చారుకు సరిపోతుంది). మిగిలినదాన్ని చిన్న ముక్కలుగా తరిగి, ఒక చెంచా ఉప్పు కలిపి, జల్లెడలో ఇరవై నిమిషాలు ఉంచితే నీరు కిందికి దిగిపోతుంది. తర్వాత నాలుగు పెద్ద చెంచాల ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె కలిపి స్టీలు డబ్బాలో సర్దుకోండి. ఫ్రిజ్‌లో పెడితే టమాటా వాసన తగ్గుతుంది. అందుకే బయలుదేరే ముందే తరుక్కొని, రెండు గంటలలోపు వడ్డించేలా చూసుకోండి.

పూజ తులసి వేయకండి. దాని ఘాటు లవంగం ఘాటును పోలి ఉంటుంది, టమాటాతో కలిస్తే కషాయం గుర్తుకొస్తుంది. సబ్జా గింజలనిచ్చే మొక్కదీ, ఇటలీ బేసిల్‌దీ మాత్రం ఒకే జాతి; పెరట్లో ఆ మొక్క ఉంటే ఒక ఆకు నలిపి వాసన చూసి, నచ్చితే వాడండి. ఏదీ దొరక్కపోతే మానేయండి తప్ప కొత్తిమీర, పచ్చిమిర్చి వేయవద్దు, అవి నూనె రుచిని మింగేస్తాయి. చీజ్ కూడా ఈ వంటకానికి అవసరం లేదు. ఆకులను కోయకుండా తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లి, అక్కడ చేత్తో తుంచితే నల్లబడవు.

అందరూ కూర్చున్నాక పది పన్నెండు ముక్కల మీద టమాటా ఒక్కో చెంచా చొప్పున పేర్చి, ఆకు తుంచి వేసి, పళ్లెం తిప్పండి. అది ఖాళీ అయ్యేలోగా తర్వాతి వాయి పేర్చుకోవచ్చు.