నల్లగొండ ఎండకు తట్టుకునేలా ఇంటి ముందరి చిన్న తోటను ఎలా తీర్చుకోవాలి?

ఇంటి ముందు 10 అడుగుల వెడల్పు జాగా ఉందని, పడమటి ఎండ నేరుగా పడుతుందని, బోరు నీళ్లే ఆధారమని మీరు రాశారు. అలాంటి చోట మొదట ఆలోచించవలసింది పూల గురించి కాదు, నీడ గురించి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పడమటి వైపు ఒక మునగ చెట్టును పెంచితే, దాని చాటున మందార, కరివేపాకు వంటివి వాడిపోకుండా నిలుస్తాయి.

జాగా అంతటా తాండూరు బండలు పరిపించడం మన దగ్గర ఎక్కువ. శుభ్రంగా కనిపించినా అవి మధ్యాహ్నమంతా కాగి, చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూ పక్కనున్న మొక్కలను వేధిస్తాయి కనుక, అడుగు వేయడానికి సరిపడా విడివిడి బండలు మాత్రమే వేసి, మిగిలినదంతా మట్టిగానే ఉంచండి.

చల్క నేలలో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలో, తడి నిలవదు కాబట్టి చివికిన పశువుల ఎరువు కలిపి, పైన వేరుశనగ పొట్టును 2 అంగుళాల మందాన పరచాలి. కరివేపాకు లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్య భాగం పసుపుబారితే, సున్నపు గుణమున్న బోరు నీటి వల్ల మొక్కకు ఇనుము అందడం లేదని అనుమానించవచ్చు. డాబా మీది వాన నీటి గొట్టాన్ని తోటలోకి మళ్లిస్తే కొంత మేలు. గన్నేరు ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది, కానీ ఆకు మొదలు వేరు దాకా విషమే, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.