పాట ఆగినాకే కుంచె పట్టు

పాపా,

ఉద్యోగానికి సెలవు పెట్టి, రాగం వింటే నీకు కనిపించే రంగులను బొమ్మలుగా వేస్తానన్నావంట. మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం దిగులు.

కాన్వాసు రెండడుగులకు మూడు చాలు. జెస్సో, అంటే రంగుకు ముందు పూసే తెల్లపూత, రెండు పూతలు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మధ్యలో ఆరనిచ్చి సన్న గరుకు కాగితంతో రుద్దు. ఇదంతా నీకు తెలిసిందే.

పాట నడస్తా ఉంటే మాత్రం కుంచె పట్టొద్దు. రెండేండ్లు నేను చేసిన తప్పు అదే. కొత్త స్వరం రాగానే పాతది చెవిలోంచి తప్పుకుంటుంది. బట్ట మీద తప్పుకోదు. తడి పసుపు మీద ఊదా పడుతుంది, పక్కనే ఆకుపచ్చ మీద ఎరుపు పడుతుంది. ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి మింగేసి పావుగంటలో బురద తేలుతుంది. తెలుపు కలిపితే అది సున్నం కలిసిన బురద. అప్పుడు నీ చెవినే అనుమానిస్తావు. నా భయమంతా అదే. తప్పంతా తడిది తల్లీ.

ఐదు నిమిషాలు ఆలాపన విని ఆపెయ్. ఏ రంగు కనిపించింది, ఏ మూల, అంచు పదునా మెత్తనా, పెన్సిలుతో రాసుకో. ఆ ఒక్క రంగే పరుచు. ఆరినాకే రెండోది. నీళ్ళతో కలిపే ఈ అక్రిలిక్ రంగులోని జిగురు తడిలో పాలలాగ తెల్లగా ఉంటుంది, ఆరితే అద్దమైపోతుంది. అందుకే రంగు ఒక మెట్టు ముదురుతుంది. ప్రతి కలుపునూ అట్టముక్క మీద పూసి, ఆరినాక పాటతో సరిచూడు. వెనక రాగం పేరు, ఏ రంగు ఎన్ని పాళ్ళో రాయి. తిరపతి ఎండలకు రంగు ప్లేటులోనే గడ్డకడుతుంది. లోతు తక్కువున్న డబ్బాలో తడి స్పాంజి పెట్టి, మీద బటర్ పేపరు పరిచి దాని మీద కలుపుకో.

మహతి ఆడిటోరియంలో కచేరీకి పోయినా చిన్న నోటుబుక్కు చాలు. 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ అనే స్వరకర్త సంగీతం విన్న రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ కూడా కచేరీ అయినాకే ‘ఇంప్రెషన్ III (కచేరీ)’ అనే పసుపు పటం వేసినాడు. పసుపంటే బాకా, ముదురు నీలమంటే సెల్లో అని రాసింది ఆయన లెక్క. సినస్తీషియా, అంటే నీలాగ స్వరం వింటే రంగు కనపడే గుణం, ఉన్న ఇద్దరికి ఒకే స్వరం ఒకే రంగులో కనపడాలని లేదు. ‘కళ్యాణి రాగం అట్లుండదు’ అని ఎవరన్నా అంటే నీ రంగు మార్చొద్దు.

ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ రంగు వెయ్యొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ వేస్తే పెచ్చులూడుతుంది. ఆయిల్ రంగులు మొదలుపెడితే మాత్రం ఆ మేడమీది గది గుర్తుపెట్టుకో, ఒక్కటే కిటికీ. ఎండకు జడిసి మూసుకుంటావు, నాకు తెలుసు. తలుపు తీసిపెట్టు, ఆయిల్ రంగును పలచన చేసే టర్పెంటైన్ వాసన తలకెక్కుతుంది. లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడెయ్యొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచి మూతపెట్టు. ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు.

పటాలు తర్వాత. ముందు ఆరిన అట్టముక్కలు పంపు, చూస్తా.

మీ పెదనాన్న