ఎన్నాళ్లకని లెక్క వేసుకోవాలి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 85 వేలు. రెండేళ్ల క్రితం నాకు కాలేయ మార్పిడి జరిగింది. మా ఆవిడే తన కాలేయంలో కొంత ఇచ్చింది. మందులకు, పరీక్షలకు నెలకు 12 వేలు అవుతోంది. ఆపరేషన్ కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా 8 లక్షలు ఉంది, వడ్డీ 14 శాతం, ఈఎంఐ 22 వేలు. పీఎఫ్‌లో 11 లక్షలు, జనగామ దగ్గర 18 లక్షలు పలికే ప్లాటు ఉన్నాయి. పాప ఇంటర్ చదువుతోంది. ఎన్నాళ్లుంటానో తెలియదు కదా, నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్‌లు ఆపేసి, ఉద్యోగం మానేసి, పీఎఫ్ తీసి అప్పు కట్టేద్దామనుకుంటున్నాను. ప్లాటు మాత్రం పాప కోసం ఉంచమని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. తేడా వచ్చిందల్లా ఆ 'ఎన్నాళ్లుంటానో' దగ్గరే.

కాలేయ మార్పిడి అయినవాళ్లలో నూటికి సుమారు 90 మంది ఏడాది దాటుతున్నారు. ఐదేళ్లు దాటేవాళ్లు 75 మంది దాకా, పదేళ్లు దాటేవాళ్లు 60 మంది దాకా ఉంటారు. పెద్ద గండం మొదటి ఏడాదే. మీరు దాన్ని దాటి ఇంకో ఏడాది గడిపేశారు. అంటే మొదట్లోనే పోయిన ఆ పదిమంది లెక్క మీకు వర్తించదు. మిగిలిన 90 మందిలో 60 మంది, అంటే మూడింట రెండు వంతుల మంది పదేళ్లు దాటినట్టు. అందులోనూ మీకంటే పెద్ద వయసువాళ్లు, కాలేయ క్యాన్సర్‌తో వచ్చినవాళ్లు కలిసే ఉంటారు. మన దేశంలో తొలిసారి ఈ ఆపరేషన్ సక్సెస్ అయింది 1998లో, ఢిల్లీలో, 20 నెలల పసివాడికి. ఆ పిల్లాడు పెరిగి డాక్టరయ్యాడు. మీ ఒంటి సంగతి మీ డాక్టరుగారే చెప్పాలి. డబ్బు విషయంలో మాత్రం నేను మీకు 80 ఏళ్ల దాకా ప్లాన్ వేస్తాను.

అలా వేస్తే ముందు మారేది ఉద్యోగం సంగతి. మీకు జీతం ఎంత ముఖ్యమో ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ అంతకంటే ముఖ్యం. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. బయట కొత్తగా పాలసీ అడిగితే, మార్పిడి అయిందనగానే చాలా కంపెనీలు వద్దంటాయి. ఇచ్చినా పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. అందుకని రాజీనామా మాట ఎత్తకండి. ఎప్పటికైనా మానాల్సి వస్తే అదే బీమా కంపెనీ సొంత పాలసీలోకి మారే వీలుందా అని హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

అప్పు తీర్చడానికి అమ్మాల్సింది ప్లాటే. బావమరిదిగారికి నచ్చకపోవచ్చు. కానీ ఖాళీ స్థలం నెలనెలా మందులు కొనిపెట్టదు, అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరాల్సివస్తే ఆ రాత్రికి అమ్ముడూ పోదు. 2024 జులై 23కు ముందు కొన్నదైతే లాభం మీద పన్ను 12.5 శాతం కట్టాలా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి చూపడం) 20 శాతం కట్టాలా, ఏది తక్కువో ఆడిటరుతో చూపించుకోండి. వచ్చిన దాంట్లో 8 లక్షలు లోన్‌కు పోతాయి. మూడేళ్ల మందుల ఖర్చు, అంటే 4 లక్షల 32 వేలు, వేరే ఎఫ్‌డీలో వేసి దానివైపు చూడకండి. పన్ను పోగా మిగిలింది పాప ఫీజులకు, ఇంటి అత్యవసరాలకు.

మూడేళ్ల మందులు ఎందుకంటే, నా దగ్గరికి వచ్చే ఒకాయన సంగతి చెబుతాను. ఆయనకూ మార్పిడే. రోజూ ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి ఫోన్‌లో అలారం మోగుతుంది, టాక్రోలిమస్ వేసుకోవాలి. ఒకసారి ఫైలు తీస్తుంటే అందులోంచి మాత్రల షీటు జారిపడింది. ఒక్కో మాత్ర వెనక బాల్‌పెన్నుతో తేదీలు రాసుకున్నారు. 24వ తేదీ నుంచి రోజుకు ఒకటే. 'జీతం పడేదాకా సర్దుకుంటున్నా సార్' అన్నారు. కొత్త కాలేయాన్ని ఒళ్లు తోసెయ్యకుండా కాపాడేది ఆ మాత్రే. అది తగ్గితే మళ్లీ ఆసుపత్రి, మళ్లీ లక్షలు. ఆయనకు ఆ రోజు పెట్టుబడుల ఊసెత్తలేదు, మందుల ఎఫ్‌డీ ఒక్కటే చేయించాను. చవకగా దొరుకుతోందని సొంతంగా బ్రాండు మార్చడం కూడా ఇలాంటిదే. డాక్టరును అడిగి, రక్తంలో మందు లెవెల్ చూపించుకున్నాకే మార్చాలి.

సిప్‌లు ఆపొద్దు, పెంచండి. లోన్ తీరితే నెలకు 22 వేలు మిగులుతాయి కదా, అందులో కనీసం సగం అటు మళ్లించండి. ఖర్చు ఏటా 8 శాతం పెరిగితే ఇప్పటి 12 వేలు పదిహేనేళ్లకు 38 వేలవుతుంది. ఈ మందులతో ఏళ్లు గడిచేకొద్దీ బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువ. వాటి ఖర్చు ఈ 38 వేలలో లేదు. పీఎఫ్ ముట్టుకోకండి.

మీ ఆవిడకు ఆఫీసు పాలసీ కాకుండా సొంతంగా ఇంకో హెల్త్ పాలసీ తీసుకోండి. దాత అని దాచకుండా రాయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు.

ఇంకొకటి, మీరు అడగనిది. ఆపరేషన్‌కు ముందు తీసుకున్న టర్మ్ పాలసీ ఏదైనా ఉంటే ప్రీమియం ఒక్కటి కూడా తప్పకుండా కట్టండి. ఇకపైన అలాంటిది దొరకడం కష్టం. ఆ బాండులో రైడర్ల (పాలసీకి అదనంగా జోడించే కవరేజీల) పేజీ తీసి 'క్రిటికల్ ఇల్‌నెస్' ఉందేమో చూడండి. అవయవ మార్పిడి మామూలుగా ఆ జాబితాలో ఉంటుంది. ఉంటే ఆ మొత్తం మీకు రెండేళ్ల క్రితమే రావాల్సింది. ఇప్పుడైనా అడగవచ్చు. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు చెప్పింది. ప్లాటు బేరం పెట్టకముందే ఈ పేజీ చూడండి. అందులో ఏముందో బట్టి పై లెక్కంతా మళ్లీ వేద్దాం.